గొర్రెల తొట్టిలో సముద్రం

జూలై 21, సోమవారం

గాలి పడమర, జోరుగా ఉంది. మబ్బు లేదు. జీవాలు అరవై మూడు, ఒకటి కుంటుతోంది. ఇంట్లో ముగ్గురం: నేను, విజయ, అత్త. ఈ ఇంటి నుంచి నేవీకి వెళ్ళినవాళ్ళు ముగ్గురు.

ఓడ దిగి పదకొండేళ్ళయినా లాగ్ రాయకపోతే రోజు ముగిసినట్టుండదు. ఉదయగిరి కొండ కింద, సముద్రం కలలోకి కూడా రాని ఊళ్ళో, గాలి ఎటునుంచి వస్తోందో రాసిపెట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే. విజయ నవ్వుతుంది. నవ్వనీ.

పంచాయతీ ఆఫీసు ముందు రాయి పెడుతున్నారు. ఊరి నుంచి సైన్యానికీ నేవీకీ వెళ్ళినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కించి ఆగస్టు పదిహేనున తెర తీస్తారట. సర్పంచి కేశవ వచ్చి ఫారం ఇచ్చి వెళ్ళాడు. వాడూ నేనూ ఆరు నుంచి పది దాకా ఒకే బెంచీ. ఫారంలో నాలుగు గడులు: పేరు, నంబరు, చేరిన సంవత్సరం, రిటైరైన సంవత్సరం. నాయన పేరు రాశాను. పెంచలనరసయ్య, 1966 నుంచి 1981. తరువాత నాది. పెంచలప్రసాద్, 1994 నుంచి 2014. తరువాత నా కూతురు నిరోషది, పోయిన నవంబరులో చేరింది, సర్వీసులో ఉంది. ఊరంతటికీ ఏడు పేర్లయితే అందులో మూడు మావే.

అంతా సక్రమం.

జూలై 22, మంగళవారం

కుంటేదానికి మందు పెట్టాను. ఫారం కేశవకు ఇచ్చేశాను. అంతా సక్రమంగానే ఉంది.

జూలై 27, ఆదివారం

కేశవ పేర్ల జాబితాను ఊరి వాట్సాప్‌లో పెట్టాడు. విజయ అన్నం వడ్డిస్తూ అత్తకు చదివి వినిపించింది. కామాక్షమ్మత్త నాయనకు అక్క. పిల్లలు లేరు, మొగుడు పోయి నలభై ఏళ్ళు, నన్ను పెంచింది ఆమే. ఎనభై నాలుగేళ్ళు. చెవులు మాత్రం పాముచెవులు. ఏడు పేర్లూ విని, ముద్ద కలిపిన చెయ్యి అట్లాగే ఆపింది.

"మా నాయన పేరేదిరా?"

నేను పప్పు వేసుకున్నాను.

"నిన్నేరా ప్రసాదా. వెంగయ్య పేరేది?"

"ఫారంలో గడులుండాయత్తా. రిటైరైన సంవత్సరం రాయాల. తాత రిటైర్ కాలేదు గదా."

"కాలేదు. తరిమేసినారు. తరిమేసినారని రాయి."

"అట్ట రాసేదానికి గడి లేదు."

అత్త కంచం ముందుకు నెట్టింది. నింపాదిగా, అరవకుండా నెట్టింది. అరిచి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మా నాయన బొంబాయిలో తట్ట ఇట్టనే నెట్టినాడు. ఆ రాయి మీద ఆయన పేరు పడేదాకా ఈ ఇంట్లో మెతుకు ముట్టను. పో, నీ లెక్క నువ్వు రాసుకో పో."

సాయంత్రానికి తింటుంది. ముసలివాళ్ళ కోపం ఎంతసేపని.

జూలై 28, సోమవారం

తినలేదు. మజ్జిగ తాగింది.

జూలై 29, మంగళవారం

మజ్జిగ. విజయ నాతో మాట్లాడటం లేదు. కొయ్య గరిటెల సెంటరు నుంచి తెచ్చుకున్న పని ముందేసుకుని, చేతిలోని గరిటెను గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చుంది. ఆ గరిటె నా వీపు అనుకుంటోందేమో.

జూలై 30, బుధవారం

గాలి పడమర. అత్త మంచం దిగలేదు. పక్కన కూర్చుని బతిమాలాను. కసిరాను. మళ్ళీ బతిమాలాను. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. మొండిది ఇంకా బలం. చివరికి ఆమె తినలేదు సరికదా, నేనే వినాల్సి వచ్చింది.

నాకు తెలిసింది ఇంతే: తాత యుద్ధంలో తెల్లవాళ్ళ నేవీలో చేరాడు, బాయిలర్‌కు బొగ్గెత్తిపోసే పని. 1946లో బొంబాయిలో నావికులు తిరగబడినప్పుడు వాళ్ళతో కలిశాడు. తీసేశారు. వచ్చి గొర్రెలు కాసుకున్నాడు. నాకు పదమూడేళ్ళప్పుడు పోయాడు. ఈ సంగతి బయట అనకూడదని నాయన ఆజ్ఞ. అనలేదు.

ఇంకొకటి తెలుసు. మా ఇంట్లో నేవీకి వెళ్ళినవాళ్ళు మొదటి సెలవుకు వచ్చేటప్పుడు సీసాడు సముద్రపు నీళ్ళు తెచ్చి గొర్రెల రాతితొట్టిలో పోయాలి. నాయన పోశాడు. నేను కూల్‌డ్రింకు సీసాలో తెచ్చి పోశాను. ఎందుకని అడిగితే, ఉప్పునీళ్ళు జీవాలకు బలంరా అన్నాడు నాయన. ముప్పై ఏళ్ళు నమ్మాను. నిరోష మేలో రావాల్సింది, సరిహద్దు గొడవలతో అప్పుడు సెలవులన్నీ రద్దయ్యాయి. ఆ నీళ్ళు ఇంకా రాలేదు.

అత్త చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"నాకు అప్పుడు అయిదేళ్ళు. నాయన నడిచి వచ్చినాడు. ఒంటి మీద ఒక నిక్కరు, భుజాన నీళ్ళ సీసా. పెట్టె లేదు, గుడ్డలు లేవు. మా అవ్వ ఏమి తెచ్చినావురా నాలుగేండ్ల చాకిరీకి అని అడిగింది. ఆయన నేరుగా తొట్టి కాడికి పోయి సీసా బోర్లించినాడు. సముద్రం నీళ్ళు. గొర్రెలు ఎగబడి తాగినాయి. నాయన నవ్వినాడు. 'ఇవన్నా తాగతా ఉండాయి. తెల్లోడు పెట్టిన కూడు మేం తినలేకపోయినాం. బియ్యంలో రాళ్ళు, పప్పులో పురుగులు. తినం అన్నాం. అంతే మేం చేసింది' అన్నాడు."

"మరి కాయితం ఏదీ ఇవ్వలేదా, తీసేసినట్టు?"

"ఇచ్చినారు. గూట్లో ఉండేది. ఇరవై ఏండ్లు ఉండింది. మీ నాయన నేవీకి పొయ్యే ముందు, పోలీసోళ్ళు విచారణకు వస్తారని, దాన్ని పొయ్యిలో పెట్టినాడు. మా నాయన ఎదురుగా కూర్చోని చూస్తానే ఉన్నాడు. ఏమీ అనలా. ఆ పొద్దు కూడు మాత్రం తినలా."

తరువాత అత్త గోడవైపు తిరిగింది.

నాయనను తప్పు పట్టలేను. ఉద్యోగం పోతే ఏం తినాలి? అందరూ బతకాలి కదా. తప్పు పట్టను. 1994లో నా ఫారంలో కూడా 'కుటుంబంలో సర్వీసు చేసినవారు' అనే చోట నాయన పేరొక్కటే రాశాను. ఆ సంగతి ఇక్కడ రాయాల్సిన పనిలేదు. రాసేశాను.

ఆగస్టు 1, శుక్రవారం

కేశవ ఇంటికి వెళ్ళాను. వరండాలో కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. మర్యాదలో లోటు లేదు. ఆ ఇంటివాళ్ళు కాదనేటప్పుడు కూడా టీ ఇచ్చే కాదంటారు.

"కాయితం ఉండాదా?" అన్నాడు.

"లేదు. కాలిపోయింది."

"కాయితం లేదు. పెన్షన్ లేదు. పైగా తీసేసినారు. అట్టాంటప్పుడు సర్వీసు మనిషని ఎట్టరా చెక్కేది? రేపు ఆఫీసర్లు వస్తారు. ఈయనెవరని అడిగితే నేనేం చెప్పాల? తిరగబడినోడని చెప్పాల్నా?"

"అదే చెప్పు. తరువాత సర్కారే వాళ్ళను స్వాతంత్య్రం కోసం పోరాడినోళ్ళన్నది."

"అన్నది సర్కారు. మీ తాతను అన్నదా? మీరు అప్లికేషన్ పెట్టినారా?"

పెట్టలేదు. పెడితే నాయన దాచింది బయటపడుతుంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ, నాకు ఒళ్ళు మండింది.

"ఫారం నువ్వే నింపినావు గదరా. నువ్వే రాయనిది నేనెట్ట చెక్కించేది?" అన్నాడు కేశవ.

టీ తాగకుండా లేచి వచ్చాను. వాడన్నదాంట్లో ఆ ఒక్క మాటే నిజం. అందుకే వాడి మీద ఇంత కోపం.

ఆగస్టు 4, సోమవారం

గాలి పడమర. జీవాలు అరవై మూడు. అత్త మజ్జిగ కూడా సగం గ్లాసే తాగింది. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి బీపీ చూసి, మనిషి గట్టిదే కానీ ఇట్లా ఎన్నాళ్ళు అన్నాడు.

రాయి మీద ఒక పేరు లేకపోతే కొంపలేమీ మునగవు. పోయినవాడికి తెలుస్తుందా? బతికున్నవాళ్ళు ముఖ్యం. అత్త తినాలి, అంతే. పేరు సంగతి నాకు పట్టదు.

ఆగస్టు 5, మంగళవారం

నిజంగానే పట్టదు.

ఆగస్టు 7, గురువారం

నిరోష కొచ్చి నుంచి ఫోన్ చేసింది. పన్నెండు రోజుల సెలవు వచ్చిందట, పద్నాలుగో తేదీకి ఇంట్లో ఉంటానంది. పదిహేనున యూనిఫాంలో రమ్మని కేశవ అడిగాడట, సరేనందట. అత్త సంగతి విజయ ముందే చెప్పేసింది. ఈ ఇంట్లో రహస్యం అంటూ దాగింది నేను దాచిందొక్కటే.

"నాన్నా, ముత్తాత పేరు ఎందుకు రాయలేదు?"

గడుల సంగతి చెప్పాను. నా గొంతు నాకే బాగోలేదు.

"నేను రాసినా గదా," అంది.

"ఎక్కడ?"

"చేరేటప్పుడు. ఇంట్లో నేవీలో పనిచేసినోళ్ళు ఎవరని అడిగినారు. నీ పేరు, తాత పేరు, ముత్తాత పేరు రాసినా. 1946లో తిండి బాగలేదని తిరగబడితే తీసేసినారని అవ్వ నాకు చెప్పేది, అది కూడా రాసినా."

నేను మంచం మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు ఇంజన్ రూములో ఉన్నాను. ఒకసారి నడిసముద్రంలో ఆవిరి పైపు పగిలింది. అప్పుడు కూడా నేను నిలబడే ఉన్నాను.

"ఏమన్నారు?"

"ఏమంటారు? అంతా ఆ గడిలో పట్టలేదు నాన్నా. ఆఫీసరు చూసి, పట్టకపోతే కాగితం వెనకపక్క రాయమ్మా అన్నాడు. రాసినా."

"అంతేనా?"

"అంతే. నీకేమైంది?"

ఏమీ కాలేదన్నాను. ఫోన్ పెట్టి పెరట్లోకి వెళ్ళి తొట్టి గట్టు మీద కూర్చున్నాను. నాయన కాగితం కాల్చి యాభై తొమ్మిదేళ్ళు. నేను ఫారంలో దాచి ముప్పై ఒక్కటి. తాత తన కాగితం కాలుతుంటే చూస్తూ కూర్చున్నాడు. వెనకపక్క రాయమ్మా అన్నాడట. ఏడుపు వచ్చింది. ఏడ్చాను. గొర్రెలు చూశాయి.

చాలు. ఇక భయపడను. ఆరిపోయిన బాయిలర్‌కు కాపలా కాశాం, తండ్రీ కొడుకులం.

ఆగస్టు 11, సోమవారం

మొదటి బస్సుకు ఆత్మకూరు వెళ్ళాను. రాయి చెక్కేది అక్కడే, వెంకటరమణయ్య షెడ్డులో. పెద్దాయన, చేతులు రాతికంటే గరుకు. నల్లరాయి పడుకోబెట్టి ఉంది. ఏడు పేర్లూ చెక్కడం అయిపోయింది. వాటి కింద 'దాత: సర్పంచి కేశవ' అని, ఏడుగురి పేర్లూ కలిపినా అంత లేని అక్షరాల్లో ఉంది. సరిహద్దులో నిలబడింది వాడే అనుకోవాలి చూసినవాళ్ళు.

పేర్లకు పైన ఒక జాగా ఖాళీగా ఉంది. ఏమిటని అడిగాను.

"తామరపువ్వు చెక్కేదానికి వదిలినా. సర్పంచి వద్దన్నాడు, పార్టీ గుర్తు అనుకుంటారంట."

"అక్కడ ఒక పేరు చెక్కాల."

"ఆయన రాసిచ్చింది ఏడే. నేను ఎనిమిది చెక్కితే రేపు నాకు పనెవరిస్తారు?"

"అయితే మా ఇంటి మూడు పేర్లు తీసెయ్ పెద్దాయనా. నాది, మా నాయనది, నా కూతురిది."

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు.

"రాతి మీద పడింది తీసేదానికి రాదు నాయనా. చేర్చేదానికే వస్తది. ఎవరిది పేరు?"

చెప్పాను. బొంబాయి, తట్ట నెట్టడం, సీసా, పొయ్యిలో కాగితం, అత్త మజ్జిగ, అన్నీ చెప్పాను. పరాయివాడి ముందు ఈ కథ నా నోటి వెంట రావడం ఇదే మొదటిసారి. చెబుతుంటే ఒళ్ళు తేలికయింది. ఆయన బీడీ వెలిగించుకుని విన్నాడు. లేచి తువ్వాలు దులుపుకున్నాడు.

"నేనయితే చెక్కను. మాటంటే మాటే. కానీ అన్నానికి పోతా ఉండా. గంటన్నర పడతది. ఉలీ సుత్తీ ఆ గోనెసంచి మీద ఉండాయి. వాటిని ఎవరెత్తుకుంటారో నేనెట్ట కాపలా కాసేది?"

వెళ్ళిపోయాడు.

ఇంజన్ రూములో పైపుల మీద నంబర్లు కొట్టిన చెయ్యి నాది. ఇనుము మాట వింటుంది, రాయి వినదు. మొదటి దెబ్బకే ఉలి జారి బొటనవేలు చీరింది. తువ్వాలు చుట్టి మళ్ళీ మొదలుపెట్టాను. షెడ్డు పైన రేకులు కాలుతున్నాయి. చెమట రాయి మీద పడి ఆరిపోతోంది. ఎవరైనా చూస్తారేమోనని ఒకసారి వెనక్కి చూశాను. ఆ తరువాత చూడలేదు. చూస్తే చూడనీ.

'వెంగయ్య, బొంబాయి, 1946.'

వెంకటరమణయ్య వచ్చేసరికి ఆరు అంకె ఒక్కటే మిగిలింది. వంగి చూశాడు.

"గ వంకర పోయింది," అన్నాడు. "లోతు కూడా లేదు. రెండు వానలకు పోతది."

పోతే మళ్ళీ వచ్చి చెక్కుతానన్నాను. ఆయన నా చేతిలో ఉలి లాక్కున్నాడు. నేను గీసిన గీతల మీదనే, వంకరను వంకరగానే ఉంచి, ఒక్కో అక్షరం లోతుగా దించాడు. అయ్యాక రాయికి గోనెపట్టా చుట్టాడు, తెర తీసేదాకా దీన్నెవరూ విప్పరన్నాడు. బస్సుకు టైమైందని ఆయనే గుర్తుచేశాడు.

ఆగస్టు 12, మంగళవారం

వేలు సలుపుతోంది. ఎక్కడికి పోయావని విజయ అడిగితే చెప్పాను. లేచి వెళ్ళి పసుపు తెచ్చి వేలికి కట్టింది. గట్టిగా కట్టింది. అత్తకు మాత్రం చెప్పలేదు. ఆమె చూస్తేనే నమ్మే మనిషి.

ఆగస్టు 14, గురువారం

నిరోష వచ్చింది. నెల్లూరులో రైలు దిగి, ఉదయగిరి బస్సెక్కి, మూటాముల్లెతో. సంచిలోంచి ముందు తీసింది నీళ్ళసీసా. తొట్టి దగ్గరికి నడవబోతుంటే అత్త మంచం మీద నుంచే ఆపింది.

"ఇప్పుడు కాదు. రేపు. పేరు పడినాక."

"పడుతుందా అవ్వా?"

"మీ నాయననడుగు. వేలికి గుడ్డ కట్టుకోని తిరగతా ఉండాడు. నాకు తెల్వదనుకుంటా ఉండాడు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నా యవ్వారం.

ఆగస్టు 15, శుక్రవారం

ఉన్నదున్నట్టు రాస్తాను.

అత్తను ఆటోలో తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టాం. జెండా ఎగిరింది. మండలం నుంచి వచ్చిన ఆఫీసరు రెండు మాటలు మాట్లాడాడు. కేశవ తెర లాగాడు. చప్పట్లు మొదలయ్యాయి. కేశవ చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"ప్రసాదా, ఇదేందిరా?"

"మా తాత."

"ఎవుడు చెక్కమన్నాడు?"

"ఎవరూ చెప్పలా. నేనే చెక్కినా."

"ఎవరినడిగి?"

"అడగలా. ఎనభై ఏండ్లు అడగకుండానే ఉంటిమి, ఏమొచ్చింది?"

వాడు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "రాయి మారుస్తా. నవ్వులాటగా ఉండాదా నీకు?"

నేను గొంతు తగ్గించలేదు. ఊరికంతా వినబడేట్టు చెప్పాను. "మార్చు. కొత్త రాయి మీద మా పేర్లు మూడూ వద్దు. తిండి బాగలేదు, తినం అన్నందుకు మా తాతను తరిమినారు. ఆ సంగతి దాచి నేను ఉద్యోగం చేసినా. తప్పు నాది. ఫారంలో ఆయన పేరు రాయంది నేనే, కేశవ కాదు. అందుకే నా చేత్తోనే చెక్కినా. ఆయన లేని రాయి మీద మేం ఉండం."

జాబితాలో నాలుగో పేరు మస్తానమ్మ భర్తది, మిలిటరీలో చేసి పోయాడు. ఆమె కూర్చున్నచోటి నుంచే, "మారిస్తే మా ఆయనదీ తీసెయ్ కేశవా," అంది. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని మమ్మల్ని అనే మనిషే ఆమె.

ఆఫీసరు వంగి రాయి చూశాడు. "1946లో బొంబాయా?" అన్నాడు. ఔనన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాక కేశవకు ఎగరడానికి ఏమీ మిగల్లేదు. అయినా సర్పంచి సర్పంచే కదా, పూలదండ తీసుకుని రాయికి వేసేటప్పుడు సరిగ్గా పై వరుస మూసుకుపోయేట్టు వేశాడు.

నిరోష తెల్ల యూనిఫాంలో నిలబడి ఉంది. ఎవరి వంకా చూడకుండా నడిచి వెళ్ళి, దండ తీసి, కింద 'దాత' అన్నచోట వేసి, వెనక్కి వచ్చి అటెన్షన్‌లో నిలబడింది. కేశవ పెద్దక్షరాలన్నీ బంతిపూల కింద పోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. నేను కాదు.

అత్తను రాయి దగ్గరికి నడిపించాను. ఆమెకు చదువు రాదు.

"ఏదిరా?"

ఆమె వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టాను. మిగతాదంతా తనే తడుముకుంటూ వెళ్ళింది, నిదానంగా, చివరి ఆరు దాకా. గ దగ్గర ఆగింది.

"వంకరగా ఉండాది."

"నా చెయ్యి అత్తా."

"ఉండనీ. ఆయనా వంకర మనిషే, ఎవరికీ లొంగలా," అంది. ఆమె ఏడవలేదు. నేనే.

ఇంటికి వచ్చాక నిరోష సీసా మూత తీసి తొట్టిలో బోర్లించింది. గొర్రెలు ఎగబడ్డాయి. అత్త అరుగు మీద కూర్చుని అవి తాగేదాకా చూసింది. తరువాత విజయను పిలిచింది.

"అమ్మే, కూడు పెట్టు. పప్పులో ఉప్పు సరిగ్గా వెయ్యి. బాగలేకుంటే మళ్ళా తట్ట నెడతా."

పెట్టింది. తిన్నది. రెండోసారి కూడా అడిగి వేయించుకుంది.

గాలి ఆగింది. కొండ మీద మబ్బు పట్టింది. జీవాలు అరవై మూడు, కుంటేది సరిగ్గా నడుస్తోంది. ఇంట్లో నలుగురం. ఈ ఇంటి నుంచి నేవీకి వెళ్ళినవాళ్ళు నలుగురు.